అతిగా చదివేవాళ్ళు: ఒక వదినా మరదళ్ళ సంవాదం

అమెరికన్ పత్రికా రచయిత హెచ్.ఎల్. మెంకెన్ 1956 జనవరిలో బాల్టిమోర్‌లో కన్నుమూశాడు. ఆయన నోటు పుస్తకాల్లోని చిన్నచిన్న రాతలన్నీ కలిపి అదే ఏడాది ‘మైనారిటీ రిపోర్ట్’ పేరుతో అచ్చువేశారు. అందులో ఒకచోట, పుస్తకాలు మరీ ఎక్కువగా చదివేవాళ్ళకు ఆయన ఒక పేరు పెట్టాడు: బిబ్లియోబిబ్యులై. పుస్తకానికి గ్రీకులో ఉన్న మాటను, తాగుడు మరిగినవాడికి లాటిన్‌లో ఉన్న మాటను కలిపి చేసిన పేరు అది. వీళ్ళు ఎప్పుడూ పుస్తకాల మైకంలో ఉంటారనీ, ఇంత వినోదమైన ప్రపంచం చుట్టూ ఉన్నా గమనించరనీ ఆయన ఫిర్యాదు.

ఆ మాట మీద తెనాలిలో ఒక ఇంట్లో గట్టి వాదనే జరిగింది. వదిన గుంటూరు జిల్లా శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైన గ్రంథపాలకురాలు. మరదలు స్పీచ్ థెరపిస్టు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళ చేత మళ్ళీ ‘నీళ్ళు’, ‘నొప్పి’, ‘అమ్మాయి’ అనిపించడం ఆమె పని. ఇద్దరిదీ చదివిన బుర్రే. ఇద్దరూ ఎవరి మాట మీద వాళ్ళు నిలబడే మనుషులే.

“వదినా, మీవాళ్ళకి ఇంగ్లీషులో పేరు దొరికింది. పుస్తకాలు తాగేవాళ్ళట,” అని మొదలుపెట్టింది మరదలు.

“మావాళ్ళంటే ఎవరమ్మా?”

“చేతిలో పుస్తకం ఉంటే కాలింగ్ బెల్ వినపడనివాళ్ళు. చుట్టాలొచ్చి కూర్చున్నా ఆ పేజీ అయ్యేదాకా తలెత్తనివాళ్ళు. పెళ్ళయిన కొత్తలో అన్నయ్య నీ గురించి చెప్పిన మాటే ఇది.”

“మీ అన్నయ్య చెప్పింది నిజమే. చుట్టాలకి కాఫీ ఆలస్యమైంది. ఆ మాత్రానికి తాగుబోతుల లెక్కలో వెయ్యాలా?”

“వేసింది నేను కాదు, మెంకెన్. చదువు అబ్బనివాడెవడో కడుపుమంటతో అంటే పక్కన పెట్టేయొచ్చు. 1919లో ‘ది అమెరికన్ లాంగ్వేజ్’ రాసినవాడు, 1924లో ‘అమెరికన్ మెర్క్యురీ’ పత్రిక పెట్టినవాడు, ఏళ్ళ తరబడి పుస్తక సమీక్షలు రాసినవాడు అన్నాడు. అంత చదివినవాడే ఇది అతి అవుతుందంటే అనుభవం మీద చెప్పినట్టే కదా?”

“ఆయన తాగుడు గురించి ఏమనుకునేవాడో కూడా చూడాలి మరి. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం ఉంది. దాన్ని కలం పట్టి ఎదిరించినవాళ్ళలో మెంకెన్‌ది ముందు వరస. 1933 ఏప్రిల్‌లో బీరు మీద నిషేధం తీసేసిన రాత్రి, బాల్టిమోర్ హోటల్లో ఆయన గ్లాసెత్తి తాగుతుంటే ఫోటో తీశారు. దొరికిన ప్రతి మద్యాన్నీ ఇష్టంగా తాగేవాణ్ణని చెప్పుకోడానికి ‘ఓంబిబ్యులస్’ అని తనకి తనే పేరు పెట్టుకున్నాడు. అందులోనూ అదే లాటిన్ మాట. తాగుడును పాపమనుకోని మనిషి ఎవరినైనా తాగుబోతు అంటే అందులో తిట్టు ఎంత, చనువు ఎంత?”

మరదలు తగ్గలేదు. “మత్తు రుచి తెలిసినవాడికి హద్దు కూడా తెలుస్తుంది వదినా. పొద్దు వాలేదాకా గ్లాసు ముట్టకూడదని మెంకెన్‌కి నియమం ఉండేది. పుస్తకాలవాళ్ళకి పగలనీ రాత్రనీ ఏమైనా నియమం ఉందా? అన్నం తింటూ చదువుతారు, బస్సులో చదువుతారు, నిద్ర పట్టకపోతే చదువుతారు, నిద్ర పడుతున్నా చదువుతారు.”

ఇది ఈనాటి ఫిర్యాదు కాదు. ఒకటో శతాబ్దంలో రోమన్ తత్వవేత్త సెనెకా, ఎక్కువ పుస్తకాలు మనసును చెదరగొడతాయని తన మిత్రుడు లూసిలియస్‌కు రాశాడు. మంచివి కొన్నే ఎంచుకుని వాటినే మళ్ళీమళ్ళీ చదవమన్నాడు. శీర్షికలు తప్ప లోపల ఏముందో తెలియని పుస్తకాలతో గోడలు నింపుకునే రోమన్ ధనికుల మీద కూడా ఆయనకు కోపమే. అచ్చుయంత్రం పుట్టడానికి పద్నాలుగు వందల ఏళ్ళ ముందే, చేత్తో రాసిన చుట్టలు మాత్రమే ఉన్న కాలంలోనే, పుస్తకాలు మరీ ఎక్కువైపోయాయన్న మాట వినిపించింది.

మరదలు సెనెకాతో ఆగలేదు. పిచ్చి ముదిరితే ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పడానికి సర్ థామస్ ఫిలిప్స్‌ను తీసుకొచ్చింది.

“1792లో పుట్టి 1872లో పోయాడు. లోకంలో ఉన్న ప్రతి పుస్తకానికీ ఒక ప్రతి తన దగ్గర ఉండాలని ఆయన కోరిక. ఒక్క రాతప్రతులే అరవై వేల దాకా పోగేశాడు. ఇల్లంతా పెట్టెలే. భార్యాపిల్లలు మసలడానికి చోటు లేదు. అప్పులవాళ్ళు వదలరు. అయినా కొనడం ఆపడు. మంటలంటుకుంటే ఎత్తుకుని పరిగెత్తడానికి వీలుగా పుస్తకాల అరలను పెట్టెల్లా చేయించాడు. 1863లో చెల్టెన్‌హామ్‌లో పెద్ద భవనానికి మారితే సామాను తరలించడానికి వందకు పైగా బళ్ళు కట్టాల్సి వచ్చింది. ఆయన పోయాక ఆ సరుకంతా అమ్మేసరికి వందేళ్ళు దాటింది. ఇది జబ్బు కాదంటావా?”

“జబ్బే. అయితే అది పోగేసే జబ్బు, చదివే జబ్బు కాదు. దాని పేరు వేరు, బిబ్లియోమేనియా. 1809లోనే థామస్ డిబ్డిన్ ఆ పేరుతో పుస్తకం రాశాడు. ఫిలిప్స్‌ని చూపించి నన్ను తిడితే ఎలా? అరవై వేల రాతప్రతులు ఏ మనిషి చదవగలడు? ఇంకో సంగతి కూడా చెప్పాలి. తోలు మీద రాసిన పాత ప్రతులను ముడిసరుకు కింద పనివాళ్ళకి అమ్మేస్తున్న రోజులవి. ఆయన కొనకపోతే అందులో చాలా భాగం మనకు మిగిలేది కాదు.”

వదిన అక్కడినుంచి కడపకు వచ్చింది. “ఫిలిప్స్‌కన్నా ఆరేళ్ళు చిన్నవాడు సి.పి. బ్రౌన్. ఈయనకీ పుస్తకాల పిచ్చే. కడపలో ఇల్లు కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, ఊరూరా తాటాకు ప్రతులు వెతికించాడు. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతి రాయించేవాడు. అప్పులపాలయ్యాడు. కానీ 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు, 1852లో తెలుగు నిఘంటువు తెచ్చాడు. ఆ నిఘంటువు ఇప్పటికీ మన బల్లల మీద ఉంది. మరి బ్రౌన్‌ని ఏ లెక్కలో వేస్తావు?”

“బ్రౌన్ చదివి ఊరుకోలేదు, పనిచేశాడు. నా ఫిర్యాదు చదివి ఊరుకునేవాళ్ళ మీద.”

ఇక్కడ వాదన దారి మళ్ళింది. ‘చదివి ఊరుకునేవాళ్ళు’ అన్న మాట వదినకు ఎక్కడో తగిలింది. ఆమె గొంతు పెంచలేదు కానీ వేగం పెంచింది.

“ఎక్కువ చదువుతున్నారని ఎవరిని అంటారో ఎప్పుడైనా గమనించావా? పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జర్మనీలో చదువు వ్యసనమైపోయిందని పెద్ద గోల జరిగింది. దానికి ‘లేజెజుఖ్ట్’ అని పేరు కూడా పెట్టారు. ఎవరి గురించి ఆ గోల? నవలలు చదివే ఆడవాళ్ళ గురించి, పనివాళ్ళ గురించి, కుర్రకారు గురించి. ప్రొఫెసర్లు రోజంతా చదివితే దాన్ని పాండిత్యం అన్నారు. ఇంట్లో పనిచేసే అమ్మాయి దీపం పెట్టుకుని చదివితే వ్యసనం అన్నారు.”

“గెథే ‘వెర్టర్’ సంగతి మర్చిపోయావు. 1774లో వచ్చింది. అందులో కథానాయకుడిలాగే నీలం కోటు, పసుపు చొక్కా తొడుక్కుని తిరిగారు కుర్రాళ్ళు. ఆ మరుసటేడు లైప్‌జిగ్‌లో పుస్తకాన్నీ నిషేధించారు, ఆ దుస్తుల్నీ నిషేధించారు. మనుషులు ఒక పుస్తకంలో అంతగా కూరుకుపోతే పెద్దవాళ్ళకి భయం వెయ్యదా?”

“భయం వేస్తుంది. నిషేధం మాత్రం ఏం సాధించింది? పుస్తకం ఇంకా ఎక్కువ చేతుల్లోకి వెళ్ళింది. మనింట్లోనే చూడు. మీ అమ్మగారి తరంలో వారపత్రిక సీరియల్ చదవడం ఎంత నేరమో నీకు తెలియదా? యద్దనపూడి సులోచనారాణి నవల అద్దె పుస్తకాల షాపులోంచి తెచ్చుకుని బియ్యం డబ్బాలో దాచేవాళ్ళు. అబ్బాయిలు డిటెక్టివ్ నవలలు చదివితే వయసు అన్నారు. అమ్మాయిలు నవలలు చదివితే చెడిపోతున్నారన్నారు. మా శాఖకి వచ్చే ఆడవాళ్ళలో సగంమంది సంచీలో కూరగాయల కింద పుస్తకం పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళు చదివి ఊరుకున్నారో లేదో నేను చూశాను. వాళ్ళ కూతుళ్ళని చదివించారు.”

మరదలు కాసేపు మాట్లాడలేదు. కూరగాయల సంచీ ఆమెకూ తెలుసు, అది వాళ్ళమ్మదే. వాళ్ళమ్మ చదివించిన కూతుళ్ళలో తనొకతె.

వదిన ఆ తర్వాత చెప్పిన కథ మెంకెన్‌తోనే ముడిపడింది. ఈ సంవాదంలో అన్నిటికన్నా బరువైనది అదే. అది నిజంగా జరిగింది, జరిగినవాడే దాన్ని రాసిపెట్టాడు.

1927లో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో రిచర్డ్ రైట్ అనే నల్లజాతి కుర్రాడు కళ్ళద్దాల కంపెనీలో చిల్లర పనులు చేస్తున్నాడు. ఒకరోజు ఊరి దినపత్రికలో మెంకెన్‌ను చడామడా తిట్టిన సంపాదకీయం చూశాడు. దక్షిణాది తెల్లవాళ్ళు సాధారణంగా నల్లవాళ్ళనే తిడతారు. వాళ్ళకి ఇంత కోపం తెప్పించిన ఈ తెల్లవాడు ఏం రాశాడో తెలుసుకోవాలనిపించింది. కానీ ఆ ఊరి లైబ్రరీలో నల్లవాళ్ళకు పుస్తకాలు ఇవ్వరు. తెల్లవాళ్ళు పంపిస్తే వాళ్ళ కోసం పట్టుకుపోవచ్చు, అంతే. కంపెనీలో ఐరిష్ కాథలిక్ ఉద్యోగి ఒకతను ఉన్నాడు. కాథలిక్ కాబట్టి అతన్ని కూడా అక్కడివాళ్ళు చిన్నచూపే చూస్తారు. రైట్ ధైర్యం చేసి అతన్ని లైబ్రరీ కార్డు అడిగాడు. అతను ఇచ్చాడు.

“తర్వాత ఏం చేశాడో తెలుసా?” అంది వదిన. “ఆ ఉద్యోగే రాసినట్టు తనే చీటీ రాసుకున్నాడు. ఈ కుర్రాడికి మెంకెన్ పుస్తకాలు ఇప్పించగలరు అని. అనుమానం రాకుండా ఉండటానికి, ఏ నల్లవాడూ తన గురించి రాసుకోడని తెల్లవాళ్ళు అనుకునే మాటతో తనని తనే తక్కువచేసి రాసుకున్నాడు. కౌంటర్ దగ్గరావిడ చూసి, ఇవి నువ్వు చదవడానికి కాదు కదా అని అడిగింది. నాకు చదవడం రాదండీ అన్నాడు. నేను ఏళ్ళ తరబడి అలాంటి కౌంటర్ వెనకాలే కూర్చున్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో తల వంగిపోతుంది నాకు. పుస్తకం చేతికి రావాలంటే ఒక మనిషి నాకు చదువు రాదని చెప్పుకోవాల్సి వచ్చింది.”

ఆ రాత్రి అద్దెగదిలో, డబ్బా చిక్కుళ్ళు వేడినీళ్ళ కింద పెట్టి వెచ్చచేసుకుని తింటూ, రైట్ మెంకెన్ ‘ఎ బుక్ ఆఫ్ ప్రిఫేసెస్’ తెరిచాడు. మాటలతో ఇలా యుద్ధం చేయవచ్చా అని ఆశ్చర్యపోయాడు. అందులో కనబడ్డ రచయితల పేర్లు ఎలా పలకాలో కూడా తెలియదు. ఆ పేర్ల వెంట పడి ఒక్కొక్కరినీ చదివాడు.

మరదలు దీన్నీ ఒప్పుకోలేదు, నిజానికి ఇంకా గట్టిగా పట్టుకుంది. “ఆ పుస్తకం నేనూ చదివాను వదినా. ‘బ్లాక్ బాయ్’, 1945. చదువు తనకి మత్తుమందులా పట్టిందని అందులో రైటే చెప్పుకున్నాడు. ఒక్కో నవల చదివాక రోజుల తరబడి ఆ ధోరణిలోనే ఉండిపోయేవాణ్ణన్నాడు. మెంకెన్ అన్నదీ అదే కదా?”

“అదే. మత్తన్న మాట దగ్గర ఇద్దరూ కలిశారు. ఆ మత్తు ఏం చేస్తుందన్న దగ్గరే విడిపోయారు. మైకంలో ఉన్నవాడికి చుట్టుపక్కల ఏదీ కనబడదని మెంకెన్ అంటాడు. రైట్‌కి తిరగబడింది. సింక్లెయిర్ లూయిస్ ‘మెయిన్ స్ట్రీట్’ చదివాక, రోజూ చూస్తున్న తన పై అధికారి ఎలాంటి మనిషో మొదటిసారి అర్థమైందని రాశాడు. అంతదాకా ఆ తెల్లదొర ఎదురుగా నిలబడినా మధ్యలో అగాధమే. నవల చదివాక అతని బతుకులోని ఇరుకు తెలిసింది. 1927 చివర్లో మెంఫిస్ వదిలి షికాగో వెళ్ళాడు. 1940లో ‘నేటివ్ సన్’ రాశాడు. ఏమీ చూడనివాడు ఆ నవల రాయగలడా?”

మెంకెన్ మాటకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు. ఆ జవాబు ఇచ్చినవాడు మెంకెన్ పుస్తకంతోనే మొదలుపెట్టాడు. అది మెంకెన్‌కు తక్కువేమీ కాదు, గౌరవమే.

మెంకెన్ తాను కూడా లైబ్రరీ కార్డు మీదే పెరిగినవాడు. కాలేజీ గడప తొక్కలేదు. తండ్రికి చుట్టల వ్యాపారం. ఇంట్లో దొరికిన ‘హకల్‌బెరీ ఫిన్’తో చదువు పట్టుకుంది. ఇంటి దగ్గరి ఇనాక్ ప్రాట్ లైబ్రరీ శాఖకు చిన్నప్పుడే అలవాటుపడ్డాడు. ఆ లైబ్రరీని స్థాపించిన వ్యాపారి ఇనాక్ ప్రాట్, ధనిక పేద తేడా గానీ, రంగు తేడా గానీ లేకుండా అందరికీ పుస్తకాలు ఇవ్వాలని 1882లోనే చెప్పాడు. అమెరికా దక్షిణాది ఊళ్ళలో ఆ మాట అనేవాళ్ళు ఆ రోజుల్లో అరుదు. మెంకెన్ తన పుస్తకాలూ కాగితాలూ చివరికి ఆ లైబ్రరీకే ఇచ్చాడు.

ఆయన జీవితంలో చివరి అధ్యాయం గురించి మాట్లాడే హక్కు మరదలిదే. అది ఆమె రోజూ చూసే పని.

1948 నవంబర్ 23న మెంకెన్‌కు మెదడులో రక్తనాళం దెబ్బతింది. అప్పటికి 68 ఏళ్ళు. ప్రాణం దక్కింది, మాట కొంత తిరిగొచ్చింది, చదవడమూ రాయడమూ పోయాయి. ఏడేళ్ళకు పైగా అలాగే బతికాడు. ఎవరైనా చదివి వినిపిస్తే వినేవాడు. సంగీతం వినేవాడు.

“బయటివాళ్ళకి ఇది అర్థం కాదు,” అంది మరదలు. “కళ్ళు పోలేదు. అక్షరం నల్లగా, స్పష్టంగా కనబడుతుంది. అది ‘క’ అని మాత్రం తెలియదు. కొందరికి రాయడం ఉంటుంది, చదవడం పోతుంది. పలక ఇచ్చి పేరు రాయమంటే గుండ్రంగా, తప్పు లేకుండా రాస్తారు. పలక పక్కన పెట్టి, రెండు నిమిషాలాగి అదే చూపించి, ఇదేంటండీ అంటే తెల్లమొహం వేస్తారు. తన పేరు, తన చేతిరాత. 1892లోనే ఫ్రాన్స్‌లో డెజెరీన్ అనే డాక్టరు ఇలాంటి రోగి గురించి రాశాడు. అలాంటివాళ్ళ వేలు పట్టుకుని బల్ల మీద ఆ అక్షరాన్నే దిద్దిస్తాను. అప్పుడు ‘క’ అంటారు. కన్ను మర్చిపోయింది, చెయ్యి మర్చిపోలేదు. మనిషి మాట్లాడటం పుట్టుకతో వచ్చిన శక్తి. రాత పుట్టి అయిదు వేల ఏళ్ళే. చదవడానికని మెదడులో పుట్టుకతో చోటేమీ లేదు. వేరే పనులకున్న చోటునే మనం చదువుకి మళ్ళించుకున్నాం. అంత అరువు సొమ్ము మీద బతుకంతా కట్టుకోవడం మంచిదేనా అని నా బాధ. మెంకెన్‌కి పియానో వచ్చు, వారం వారం కలిసి వాయించుకునే మిత్రబృందం ఉండేది. పాట మిగిలింది. పుస్తకాలు తప్ప ఇంకేమీ లేనివాడికి ఆ ఒక్కటీ పోతే? నీకు పోతే ఏం చేస్తావు వదినా?”

ఈ ప్రశ్నలో దెప్పిపొడుపు లేదు. ప్రేమతో అడిగిన ప్రశ్నే. మరదలి వాదనకు అసలు వేరు ఇక్కడుంది. పుస్తకాలంటే ఆమెకు చిన్నచూపు లేదు. ఒక్కదాని మీదే పూర్తిగా ఆనుకున్న మనుషులు ఎలా పడిపోతారో చూసిన భయం ఉంది.

వదిన వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత టొరంటో డిటెక్టివ్ నవలా రచయిత హవార్డ్ ఎంగెల్ పేరెత్తింది. ఆలివర్ శాక్స్ 2010లో తెచ్చిన ‘ది మైండ్స్ ఐ’లో ఎంగెల్ కథ ఉంది. 2001 జులైలో ఒక పొద్దున పేపరు విప్పితే అందులో అక్షరాలు ఏదో తెలియని పరాయి భాషలా కనిపించాయి. ఎవరో ఆటపట్టించడానికి అచ్చువేయించారేమో అనుకున్నాడు. మరదలు ఇప్పుడు చెప్పిన జబ్బే అది. రాయగలడు, రాసింది చదవలేడు.

“ఆయన చదవడం ఎలా నేర్చుకున్నాడో నువ్వే చెప్పు. నీ శాస్త్రమే కదా.”

“నాలుకతో,” అంది మరదలు నెమ్మదిగా. “కన్ను చూసిన అక్షరం ఆకారాన్ని పళ్ళ వెనకాల నాలుకతో దిద్దేవాడు. అలా ఒక్కో అక్షరం, ఒక్కో మాట. ఒక పేజీకి ఎంతసేపు పట్టేదో ఊహించుకోవచ్చు.”

“అలా కష్టపడి 2005లో మళ్ళీ నవల తెచ్చాడు, ‘మెమరీ బుక్’. తన డిటెక్టివ్‌కే ఆ జబ్బు పెట్టి రాశాడు. చదువంటే ఓ మోస్తరు ఇష్టం ఉన్నవాడు ఆ పని చేస్తాడా? ఆడియో పుస్తకాలున్నాయి కదా, వింటే పోలా అనుకుంటాడు. పిచ్చి ఉన్నవాడే నాలుకతో దిద్దుకుంటాడు. నాకు పోతే ఏం చేస్తావన్నావు. నువ్వున్నావు, నీ దగ్గరికే వచ్చి కూర్చుంటాను. పలక నేనే తెచ్చుకుంటాను.”

మరదలికి కళ్ళు చెమర్చాయి. అయినా వాదన వదల్లేదు. మిగిలిన ఒక్క అస్త్రాన్నీ తీసింది. 1851లో జర్మన్ తత్వవేత్త షోపెన్‌హోవర్ చదువు మీద రాసిన వ్యాసంలో, చదువుతున్నంతసేపూ మన బదులు ఇంకొకరు ఆలోచిస్తారనీ, రోజంతా చదివేవాడు సొంతంగా ఆలోచించే శక్తిని మెల్లగా పోగొట్టుకుంటాడనీ వాదించాడు. సార్త్ర్ 1938 నవల ‘నాజియా’లో ఒక పాత్ర లైబ్రరీ మొత్తాన్ని రచయితల పేర్ల అక్షరక్రమంలో చదువుకుంటూ పోతుంది. అన్నీ తెలుసు, తనదంటూ ఒక్క అభిప్రాయమూ లేదు.

“అలాంటివాళ్ళు మీ శాఖకి రాలేదా?” అంది.

“వచ్చారు. బీరువాలో వరస తప్పకుండా చదివినవాళ్ళున్నారు. ఏం చదివారని అడిగితే పేర్లే చెప్పేవాళ్ళు, ఏమనిపించిందంటే చెప్పలేకపోయేవాళ్ళు. ఈ ఒక్కటీ ఒప్పుకుంటాను. చదివి నోరు విప్పనివాడికి సగమే దక్కుతుంది. అందుకే మా తరంవాళ్ళు గ్రంథాలయంలో సాయంత్రం పూట ఒకరు చదివితే పదిమంది విని మాట్లాడుకునే ఏర్పాటు చేశారు. కానీ అమ్మాయ్, నా సర్వీసులో అతిగా చదివి పాడైన మనిషిని వేళ్ళ మీద లెక్కపెట్టగలను. చదవాలని ఉండీ పుస్తకం దొరకనివాళ్ళని లెక్కపెట్టలేను.”

షోపెన్‌హోవర్ చెప్పిన అపాయం నిజమైనదే. ఒప్పుకోవాల్సిందే. మరదలి భయంలోనూ నిజం ఉంది: చదివే మనిషికి పాటో, తోటో, పదిమందితో మాటో కూడా ఉండటం మంచిది. అయినా ఈ సంవాదంలో మొగ్గు వదిన వైపే. అతి అనే మాట పుస్తకాలు కుప్పలుగా ఉన్నవాళ్ళ మధ్య పుట్టింది. దాన్ని చదవడానికి పుస్తకం లేని ఊళ్ళోకి తెచ్చి ప్రయోగిస్తే అన్యాయమవుతుంది. మెంఫిస్‌లో అది అన్యాయం, ఇక్కడా అన్యాయమే.

ఈ సంగతి తెనాలి చుట్టుపక్కలవాళ్ళు తొంభై ఏళ్ళ కిందటే గ్రహించారు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. ఆ రోజుల్లో ఆ పల్లెలకు పడవే ప్రయాణం. పడవలో కూర్చున్నంతసేపూ జనం ఖాళీగా ఉంటారు కదా, చేతికి పుస్తకమిస్తే చదువుతారని ఆయన ఆలోచన. అంతకు ముందే, 1918లో, వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం మొదలైంది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. వీళ్ళెవరూ జనం అతిగా చదివేస్తారేమోనని వెనకాడలేదు.

ఇప్పుడు ఊళ్ళలోని గ్రంథాలయాలకు డబ్బు కట్టేది మనమే. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తాయి. మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, ఆ వరస కనబడుతుంది. కట్టిన పన్నుకు పుస్తకం తెచ్చుకునేవాళ్ళు మాత్రం తక్కువ. మీ ఊరి శాఖా గ్రంథాలయం ఎప్పుడు తెరుస్తారో కనుక్కోండి. ఈ వారంలోనే వెళ్ళి సభ్యత్వం కట్టండి, పిల్లల పేర్లూ రాయించండి. కావలసిన పుస్తకం లేకపోతే అక్కడున్న సూచనల పుస్తకంలో దాని పేరు రాసి, తెప్పించేదాకా అడుగుతూనే ఉండండి.